మ్యూనిక్ ఆఫర్ నాకు, డీఎస్సీ పోస్టు మా ఆవిడకు: వెళ్లాలా, ఉండాలా?

మద్దిలపాలెం కుర్రాడు:
వయసు 32. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ బ్యాకెండ్ పని చేస్తున్నాను. ఏడాదికి 24 లక్షలు. పన్ను, పీఎఫ్ పోగా నెలకు లక్షా 65 వేలు చేతికొస్తుంది. మ్యూనిక్‌లో ఒక కంపెనీ ఏడాదికి 64,000 యూరోలకు ఆఫర్ ఇచ్చింది. బ్లూ కార్డు (చదువుకున్న ఉద్యోగులకు జర్మనీ ఇచ్చే పర్మిట్) మీద మేలో చేరాలి. ఇంతే అయితే ఇక్కడ అడిగేవాణ్ణి కాదు, సూట్‌కేసు కొనుక్కునేవాణ్ణి. మా ఆవిడకు నాలుగేళ్ల చదువు తర్వాత మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టు వచ్చింది. మొన్న అక్టోబరులో ఆనందపురం వైపు హైస్కూల్లో చేరింది. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, అమ్మకు షుగర్. పిల్లలు లేరు. శుక్రవారం లోపు సంతకం పెట్టి పంపాలి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ లెక్క చెప్పి తిట్టండి.

రుషికొండ గాలి:
వెళ్లకు బ్రో. మన విశాఖకి ఇన్నేళ్లకి టైమొచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్, అంటే పెద్ద డేటా సెంటర్, ప్రకటించింది. టీసీఎస్‌కు రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు 99 పైసలకే ఇచ్చారు. కాగ్నిజెంట్ కాపులుప్పాడకు వస్తోంది. ఇన్నాళ్లూ బెంగళూరు బస్సెక్కినవాళ్లం, తీరా ఇక్కడికే కంపెనీలొస్తుంటే నువ్వు విమానం ఎక్కుతావా?

తెల్లకాకి:
99 పైసలు భూమి రేటు గురూ, ఈయన జీతం కాదు. డేటా సెంటర్‌కి కావాల్సింది కరెంటు, నీళ్లు, సముద్రం కింద కేబులు. కట్టేటప్పుడు జనం ఉంటారు, కట్టాక ఎంతమంది ఉంటారు? పైగా ఈయన ఇప్పటికే ఇంట్లో కూర్చుని 24 లక్షలు తెచ్చుకుంటున్నాడు. కొండ మీద ఆఫీసు తెరిస్తే ఈయనకి ఒరిగేదేంటి, మధురవాడ ట్రాఫిక్ తప్ప.

ఉప్పుగాలి:
జర్మనీ ఎందుకసలు? అమెరికా ట్రై చెయ్యి.

తెల్లకాకి:
2025 సెప్టెంబరు నుంచి బయటి దేశం నుంచి కొత్తగా పిలిపించుకునే హెచ్1బీకి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. ఈయన కోసం ఎవరు కడతారు, మీరా?

మ్యూనిక్‌లో మనోడు:
మాది గాజువాక. ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది. లెక్క అడిగావు కాబట్టి చెబుతా. 64,000 అంటే నెలకు 5,333. పన్ను, పెన్షను, ఆరోగ్య బీమా అన్నీ తీసేశాక ఒంటరి మనిషికి 3,300 దాకా చేతికొస్తుంది. చిన్న ఫ్లాటు, హీటింగ్‌తో కలిపి 1,400 అనుకో. అదీ దొరికితే. అద్దె ఇల్లు దొరకడం ఉద్యోగం దొరకడం కంటే కష్టం ఇక్కడ. డిపాజిట్ మూడు నెలల అద్దె వరకూ అడుగుతారు. తిండి, రవాణా, ఫోను, టీవీ ఉన్నా లేకపోయినా ఇంటింటికీ కట్టాల్సిన 18.36 యూరోల ప్రసార రుసుము... పొదుపుగా ఉంటే నెలకు 1,200 మిగులుతుంది. యూరో వంద రూపాయలనుకున్నా లక్షా ఇరవై వేలు. ఇప్పుడు నీకు వైజాగ్‌లో ఎంత మిగులుతోంది?

మద్దిలపాలెం కుర్రాడు:
సొంతిల్లు కాబట్టి లక్ష దాకా. మా ఆవిడ జీతం వేరే.

మ్యూనిక్‌లో మనోడు:
చూశావా. ఇరవై వేల తేడా కోసం అయితే రాకు. నేనొచ్చింది డబ్బుకి కాదు. సాయంత్రం ఆరు దాటాక మేనేజర్ ఫోన్ చెయ్యడు, జ్వరమొస్తే సెలవు పెట్టుకోవడానికి సారీ చెప్పక్కర్లేదు. అది కావాలంటే రా. ఇంకో మాట. పెళ్లైనవాళ్లకి పన్ను తగ్గే మూడో క్లాసు ఉంటుంది, దాంతో నెలకు నాలుగు వందల దాకా ఎక్కువ మిగులుతుంది. కానీ మీ ఆవిడ విశాఖలో ఉంటే అది రాదు. ఆమె కూడా జర్మనీలోనే నివసించాలి. ఒంటరిగా వస్తే పెళ్లైన బ్రహ్మచారివి, పన్ను కూడా అలాగే పడుతుంది.

సుద్దముక్క:
అందరూ సారు జీతం లెక్క కట్టారు, టీచరమ్మ లెక్క నేను చెబుతాను. నేనూ టీచర్నే, పాత డీఎస్సీ. ఈసారి 16,347 పోస్టులు. ఎన్ని లక్షల మంది చదివారో, ఎన్నేళ్లు చదివారో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుసు. మన సర్వీసు రూల్స్ ప్రకారం ప్రొబేషన్ అంటే మూడేళ్ల లోపు రెండేళ్లు డ్యూటీ చేసి ఉండాలి. జీతం లేని సెలవు పెట్టి జర్మనీలో కూర్చుంటే ఆ రోజులు డ్యూటీ కిందికి రావు. ప్రొబేషన్ అవకుండా వదిలేస్తే మళ్లీ నోటిఫికేషన్, మళ్లీ కోచింగ్, మళ్లీ మెథడాలజీ పుస్తకాలు. మీ ఉద్యోగం పోతే నెలలో ఇంకోటి వస్తుందేమో. ఆమెది పోతే ఏ లింక్డిన్‌లోనూ దొరకదు. మరి బ్లూ కార్డు భార్యకు పని చేసుకునే హక్కుంది కదా అంటారు. ఉంది. బయాలజీ తెలుగు మీడియంలో చెప్పే మనిషికి మ్యూనిక్‌లో ఏం పని ఇస్తారు?

రుషికొండ గాలి:
అదీ మాట. టీచరమ్మ గెలిచింది, టాపిక్ క్లోజ్.

తెల్లకాకి:
క్లోజ్ ఏంటండీ బాబూ. రెండేళ్లు ఈయన ఒక్కడూ వెళ్లొచ్చు కదా? జర్మన్ భాషలో బీ1 స్థాయి వస్తే బ్లూ కార్డు వాళ్లకి 21 నెలల్లో పర్మనెంట్ రెసిడెన్సీ (పీఆర్). మొదటి మెట్టు ఏ1 మాత్రమే అయితే 27. ఆవిడకి ప్రొబేషన్ రెండేళ్లు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఆ పీఆర్ జేబులో పెట్టుకుని తిరిగి వచ్చెయ్యి, తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

మ్యూనిక్‌లో మనోడు:
జేబులో పెట్టుకుంటే ఎండిపోతుంది తమ్ముడూ. మామూలుగా పీఆర్ ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే పోతుంది. అంటే 2028లో మళ్లీ ఇదే ప్రశ్న, ఇంకొంచెం గట్టిగా. ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడుతూ 21 నెలల్లో బీ1 తెచ్చుకోవడం కూడా మీరనుకున్నంత తేలిక కాదు. నాకు మూడేళ్లు పట్టింది.

సీతమ్మధార పెద్దాయన:
నాకు డెబ్భై ఒకటి. ఇద్దరు కొడుకులూ బయటే ఉన్నారు, మంచివాళ్లే. నాయనా, అమ్మానాన్నల్ని తర్వాత తీసుకెళ్తానని మనసులో ఉంటే ముందే ఆ సంగతి కనుక్కో.

మ్యూనిక్‌లో మనోడు:
పెద్దాయన మంచి మాట అన్నారు. 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి బ్లూ కార్డు తీసుకున్నవాళ్లు తల్లిదండ్రుల్ని తెచ్చుకోవచ్చని చట్టం మార్చారు. పేపర్ మీద బాగుంటుంది. కానీ వాళ్లకి ఆరోగ్య బీమా ఉందని చూపించాలి. అరవై దాటిన షుగర్ మనిషికి ఇక్కడ బీమా దొరకడం, దొరికినా కట్టడం, ఆ రెండూ అయ్యేసరికి నీ 1,200 కనపడదు. మా అమ్మ మూడు నెలల విజిట్ వీసా మీదే వస్తుంది. వచ్చిన వారానికే సింహాచలం అప్పన్న గుర్తొస్తాడు.

సీతమ్మధార పెద్దాయన:
అందుకే అడిగాను. ఇంకో సంగతి. ఒక్కడివే వెళ్తే, పొద్దున ఆనందపురం బస్సెక్కి సాయంత్రం పేపర్లు దిద్దుకునే కోడల్ని మీ అమ్మ ఇన్సులిన్‌కి కాపలా పెట్టినట్టవుతుంది. నువ్వు అలా అనుకోకపోయినా అలాగే జరుగుతుంది. మా ఇంట్లో అలాగే జరిగింది. వెళ్లేముందే ఒక మనిషిని మాట్లాడుకో, ఆ జీతం నీ లెక్కలో రాసుకో.

సుద్దముక్క:
పెద్దాయనగారూ, దండాలండీ.

ఉప్పుగాలి:
ఇంతమంది మాట్లాడారు, ఆవిడ ఏమంటుందో చెప్పలేదు ఈయన.

మద్దిలపాలెం కుర్రాడు:
నిజమే, రాయలేదు. మొన్నటిదాకా సూటిగా అడగలేదు కూడా. "నీకెలా ఉంది" అంటే "నీ ఇష్టం" అనేది, నేను దాన్ని ఓకే అనుకున్నాను. నిన్న రాత్రి మీ పోస్టులన్నీ చదివి వినిపించాను. ఒక్కడినే వెళ్లడానికి ఒప్పుకుంది. వేసవి సెలవుల్లో పర్మిషన్ తీసుకుని వస్తానంది. అమ్మ కోసం మనిషిని పెట్టడానికి నాన్నగారే ఒప్పుకోలేదు, "నేనున్నా కదా" అంటున్నారు, అది వేరే పంచాయితీ.

తర్వాత గోడ మీది క్యాలెండర్ తీసి, "నా ప్రొబేషన్ అయ్యే నెల, నీ 21 నెలలు అయ్యే నెల రాయి" అంది. ఆమెది సెలవులు పెట్టకపోతే 2027 అక్టోబరు. నాది బీ1 వస్తే 2028 ఫిబ్రవరి. మధ్యలో నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలు తను లాంగ్ లీవ్ పెట్టి మ్యూనిక్ రావాలా, నేను పీఆర్ వదులుకుని వచ్చెయ్యాలా అన్నదానికి ఇంకా తెగలేదు. సంతకం రేపు పెడుతున్నాను. జర్మన్ ట్యూషన్ ద్వారకానగర్‌లో ఎవరైనా చెబుతారా, తెలిస్తే చెప్పండి.