దయ్యాలకి భయపడనోన్ని, ఒక గోరు ఊడితే ఎందుకు వణికినా?

బురుజు_పిల్లోడు, కర్నూలు:
అన్నా ఒక డౌట్. నేను దయ్యాల సినిమా చూసి కూడా రాత్రి ఒక్కన్నే మిద్దె మీద పండుకునేటోన్ని. మొన్న ఆదివారం రూమ్‌లో ఫ్రెండ్స్ 'ది ఫ్లై' పెట్టినారు, 1986ది, పాతదే కదా ఏముంటాదిలే అని ఉగ్గాణి బజ్జి పెట్టుకోని కూర్చున్యా. సైంటిస్టు మిషన్లోకి పోతాడు, లోపల ఈగ ఉంటాది, రెండూ కలిసిపోతాయి, అంతవరకు ఓకే. తర్వాత వాడు అద్దం ముందర నిలబడి గోరు పట్టుకుంటే ఊరికే ఊడొస్తాది సామీ... ప్లేట్ పక్కన పెట్టేసినా. కత్తులూ బాంబుల సినిమాలు మనం తక్కువ చూసినామా, సుమోలు గాల్లో లేస్తాంటే ఈలలేసినోళ్లం. మరి దీనికెందుకు కడుపులో తిప్పింది?

అనంత_అబ్బి:
తల నరికితే ఎట్లుంటాదో మన ఒంటికి తెలీదు కదప్పా. గోరు సంగతి తెలుసు, చిన్నప్పుడు రాయి తట్టుకోని బొటనేలు గోరు లేసిపోనోడు ఎవడున్నాడు చెప్పు. ఇంకోటి, దయ్యమయితే బయట ఉంటాది, తలుపేసుకోవచ్చు, తాయెత్తు కట్టించుకోవచ్చు, ఒళ్లే తిరగబడితే యాడికి పోతావ్? ఆ మేకప్ కూడా ఒకేసారి మార్చేయలా, ముందు వీపు మీద బిరుసు వెంట్రుకలు, మొహం మీద మచ్చలు, తర్వాత గోర్లు, చెవి, పళ్లు. క్రిస్ వాలస్, స్టీఫన్ డుపుయికి దానికే ఆస్కార్. డైరెక్టర్ క్రోనెన్‌బర్గేమో ఇది ముసలితనం గురించి అన్నాడు, అది విన్నాక నాకు ఇంకా భయమేసింది, మొన్నే ముప్పై ఐదు దాటినా.

నల్లమల_నీడ:
మాది ఆళ్లగడ్డ సైడు. అహోబిలంలో నరసింహస్వామిని చూస్తా పెరిగినాం, సింహం తల, మనిషి ఒళ్లు, ఒడిలో హిరణ్యకశిపుని పేగులు. చెప్పుకుంటే ఆ సినిమాలకంటే ఎక్కువే, అయినా దండం పెట్టుకోని పులిహోర తిని వస్తాం. ఎందుకంటే సామి స్తంభంలోంచి వచ్చేటప్పటికే ఆ రూపంతో వచ్చినాడు, అది పూర్తయిన రూపం. ఈగోడు నిన్న మనిషి, ఈరోజు ముప్పాతిక మనిషి, రేపేమవుతాడో వానికే తెలీదు. ఆ నడిమధ్యలో ఉండేదే అసయ్యం. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో రావణుని పది తలలకి పిల్లోళ్లు జడుసుకుంటారా ఏంది?

కడప_కారందోస:
నడిమధ్య అనేది నిజమే గానీ దానికి ఈగలూ పేగులూ ఏం అక్కర్లేదబ్బా. మా జేజికి పక్షవాతం వచ్చినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. మూతి ఒక పక్కకి జారింది, కుడిచెయ్యి పడిపోయింది, అంతే, మిగతా అంతా జేజే, పిలుపు కూడా జేజిదే. నేను మంచం దగ్గరికి పోలే. కొత్త మొహమయితే అంత జడుసుకునేటోన్ని కాదేమో, తెలిసిన మొహం కొంచెం తప్పింది. జపాన్‌లో మోరి అనే రోబోల ప్రొఫెసరు 1970లోనే రాసినాడు, బొమ్మ మనిషికి దగ్గరయ్యేకొద్దీ నచ్చుతాది, దాదాపు మనిషే అనేకాడ కొంచెం తేడా కొడితే ఒక్కసారిగా ఒళ్లు జలదరిస్తాదని. అది చదివితే జేజి గుర్తొచ్చి సిగ్గేసింది. ఇట్లాంటి సినిమాలు కొన్ని నాకు నచ్చంది అందుకే, జబ్బు మనిషిని చూపిచ్చి ఛీ అనిపిస్తాయి. ఫ్లై అట్ల కాదులే, చెవి ఊడినప్పుడు కూడా ఆ సైంటిస్టు లవర్ పారిపోకుండా వాన్ని కరుచుకుంటాది.

బురుజు_పిల్లోడు:
చెవి దాకా యాడ పోయినా అన్నా, గోరుకాడే లేసి బయటికొచ్చేసినా. మళ్ల జేజి దగ్గరికి ఎప్పుడు పోయినావ్?

కడప_కారందోస:
మూడు నెలలకి. ఎడమచేత్తో సంకటి ముద్ద చేసి రారా అనింది. పోయినా.