కలపలోనే ఇంధనం ఉన్నప్పుడు కాగితపు మిల్లుకు బొగ్గు ఎందుకు?

ప్రశ్న:
మాది కాగజ్‌నగర్. సిర్పూరు పేపరు మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకునే వరకు మా పట్టణం పడిన కష్టాన్ని దగ్గరుండి చూసినవాణ్ణి కనుక, మిల్లుల మీద బురద చల్లడానికి ఈ ప్రశ్న అడగడం లేదు. కలపలో దాదాపు సగం కాగితంగా మారదనీ, ఆ మిగిలిన భాగాన్ని మిల్లులోనే మండిస్తారనీ చదివాను. అలాంటప్పుడు ఇంకా బొగ్గు ఎందుకు అవసరమవుతోంది?

సమాధానం 1:
మీరు చదివినది నిజమే. సుబాబుల్, జామాయిల్ ముక్కలను రసాయనాలతో ఉడికించినప్పుడు నార విడిపోయి, లిగ్నిన్ (కలపలో నారను అంటిపెట్టి ఉంచే జిగురులాంటి పదార్థం) కరిగిన నల్లటి ద్రావణం మిగులుతుంది. దాన్ని నీరు ఆవిరయ్యేలా కాచి చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో మండిస్తే ఉడికించడానికి వాడిన రసాయనాలూ తిరిగి వస్తాయి, ఆవిరీ పుడుతుంది. అయితే గుజ్జు, కాగితం రెండూ ఒకేచోట తయారుచేసే మిల్లుకు ఆ ఆవిరి సాధారణంగా చాలదు. మన దగ్గర ఆ లోటును ఎక్కువగా పూడ్చేది బొగ్గు బాయిలరే. అందులో పుట్టిన అధిక పీడన ఆవిరి ముందు టర్బైను తిప్పి కరెంటు ఇస్తుంది, పీడనం తగ్గాక కాగితం ఆరబెట్టే డ్రయర్లకు వెళుతుంది. అందుచేత బొగ్గుకు బదులు గ్రిడ్ కరెంటు కొన్నంత మాత్రాన సమస్య తీరదు. మిల్లుకు కావలసింది ప్రధానంగా వేడి.

సమాధానం 2:
చిత్తుకాగితంతో నడిచే మిల్లుల పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ లిగ్నిన్ కరిగించే పనే లేదు కనుక నల్ల ద్రావణం ఉండదు, ఇంధనం దాదాపు అంతా బయటినుంచే రావాలి. చెట్టు మిగులుతుంది గానీ బొగ్గు మిగలదన్న ఈ చేదు నిజాన్ని రీసైక్లింగును మెచ్చుకునేవారు తరచుగా మరచిపోతారు.

బొగ్గు వాడకం తగ్గించాలంటే, నా దృష్టిలో మొదట చూడవలసింది తడి కాగితాన్ని రోలర్ల మధ్య పిండే ప్రెస్ విభాగం. పొడిదనం 45 శాతంగా ఉన్న తడి కాగితాన్ని 95 శాతానికి తేవాలంటే, టన్ను పొడి నారకు సుమారు 1.17 టన్నుల నీటిని ఆవిరి చేయాలి. ప్రెస్ రోలర్లే ఇంకొంచెం నీటిని పిండి దాన్ని 46 శాతంగా పంపగలిగితే డ్రయర్ల పని దాదాపు 4 శాతం తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు:
బొగ్గు లేకుండా నడిచే మిల్లులు అసలు ఉన్నాయా?

సమాధానం 1:
ఉన్నాయి. ఫిన్లాండులోని ఆనెకోస్కిలో 2017లో మొదలైన గుజ్జు మిల్లు శిలాజ ఇంధనాలు లేకుండా నడిచేలా కట్టినదే; ఉడికించే రసాయనాలను మళ్లీ సిద్ధం చేయడానికి కావలసిన సున్నపు బట్టీకి కూడా బెరడు నుంచి తీసిన వాయువునే వాడుతుంది. కానీ అది గుజ్జు అమ్మే మిల్లు, కాగితపు యంత్రాల భారం దాని మీద లేదు.

మన దగ్గర బొగ్గుకు బదులుగా ఊక గురించి అందరూ చెబుతారు గానీ, అది బియ్యం మిల్లులకూ కావాలి, పైగా దాని బూడిదలోని సిలికా బాయిలర్ గొట్టాలను అరగదీస్తుంది. మీ జిల్లాలో అంతకంటే ముందు ఆలోచించవలసింది పత్తికట్టె. పత్తి ఏరడం పూర్తయ్యాక చాలామంది రైతులు దాన్ని చేలోనే తగలబెడుతున్నారు. అయితే అది ఒక్క సీజనులోనే వస్తుంది కాబట్టి, ముక్కలు కొట్టి, వానకు తడవకుండా ఏడాది పొడవునా నిల్వ ఉంచే చోటు ఎవరు కడతారన్నది ముందు తేలాలి.