మొదటి రైలు బొంబాయిదా, ధవళేశ్వరం రాళ్ళ బళ్ళదా?

గోదారిగట్టు:
మా అబ్బాయి పుస్తకంలో మళ్ళీ అదే పాఠం. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణాకి 34 కిలోమీటర్లు నడిచిందే దేశంలో మొదటి రైలట. మరి ధవళేశ్వరం ఏమైంది? గోదావరి ఆనకట్టకి రాయి తోలడానికి కాటన్ దొరగారు అక్కడ ఇనప పట్టాలు వేశారు. 1845 అని చాలా చోట్ల రాస్తారు, అంటే బొంబాయి కన్నా ఎనిమిదేళ్ళు ముందు. ఇరవై ఏళ్ళ కిందట కాలేజీ క్విజ్‌లో ఈ జవాబే చెప్పి ఫైనల్ పోగొట్టుకున్నాను. అడిగినాయన నవ్వాడు కూడా.

పట్టాలపిచ్చి:
మీ క్విజ్ బాధ సరే, తేదీ చూడండి. ఆనకట్టకి ఈస్టిండియా కంపెనీ అనుమతి వచ్చింది 1846లో. పని మొదలైంది 1847లో. డబ్బు శాంక్షన్ కాకముందే పట్టాలెలా వేశారండీ? పైగా టికెట్టు లేదు, ఎక్కినవాడు లేడు. క్వారీ ట్రాలీని రైలంటే మా ఊరి ఇటుకబట్టీలోనూ రైలుంది.

సరదాసుబ్బు:
1837లోనే మద్రాసులో రెడ్ హిల్స్ నుంచి రోడ్లకి రాయి మోసిన లైనుంది. ఇద్దరూ ఔట్.

గోదారిగట్టు:
సుబ్బుగారూ, దాని వెనకా ఉన్నది కాటన్ దొరగారే!
రైలంటే టికెట్టేనా? రూర్కీ సంగతి చూడండి. గంగా కాలువని సోలానీ నది దాటించడానికి అక్విడక్టు కట్టారు, మన పి.గన్నవరంలో లాగే. ఆ పనికి సామాను మోయడానికి పిరాన్ కలియర్ వరకు లైను వేసి, 1851 డిసెంబరులో ‘థామసన్’ అనే ఆవిరి ఇంజన్ నడిపారు. అదీ బొంబాయికి ముందే కదా! కాలువ పనివాళ్ళకి రైలు పారా, పలుగూ లాంటిది. పనయ్యాక మూల పడేశారు, అందుకే పుస్తకాలకెక్కలేదు.

పట్టాలపిచ్చి:
రూర్కీ ఒప్పుకుంటాను, అక్కడ ఇంజన్ ఉంది. ధవళేశ్వరం ఇంజన్ పేరు చెప్పండి మరి. 1845కీ జవాబు రాలేదు.
అయినా మీ కాటన్‌కి రైళ్ళంటేనే పడదు. రైళ్ళకి పోసే డబ్బు కాలువలకి పెడితే పడవల మీద సరుకు చవగ్గా పోతుందని జీవితమంతా వాదించాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందూ అదే పాట. ఆయన నెత్తిన రైలు కిరీటం ఎందుకు?

గోదారిగట్టు:
ముందు ఆ ‘వాదించాడు’ తీసెయ్యండి. మా తాతగారు గోదారి స్నానంలో సంకల్పం చెప్పుకుంటూ ఆయన్ని తలుచుకునేవారు. మీరు తినే అన్నం ఎవరి పుణ్యం?

పట్టాలపిచ్చి:
మాది అనంతపురం సార్. నేను తినేది జొన్నరొట్టె.

సరదాసుబ్బు:
😂😂

కొండరాయి:
రెండు రోజులుగా చదువుతున్నాను. మాది వడ్డెర కుటుంబం, తరాలుగా రాయి కొట్టాం. ‘కాటన్ దొరగారు పట్టాలు వేశారు’ అని రాశారు. ఒక్కరే వేశారా? ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద కలిపి మూడున్నర కిలోమీటర్ల పైన కట్టుబడి. 1852 దాకా ఐదేళ్ళు పట్టింది. అంత రాయి కొండ నుంచి పగలగొట్టి బళ్ళకెత్తి, దించి పడవలకెత్తింది వేల మంది కూలీలు. ఇంజన్ ఉందా అని ఒకరు, టికెట్టు ఉందా అని ఇంకొకరు! బండి తోసినవాళ్ళ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. మా నాన్న ఒక క్వారీలో కాలు పోగొట్టుకుంటే, రిజిస్టరులో ఆయన పేరే లేదన్నాడు కాంట్రాక్టరు.

గోదారిగట్టు:
అయ్యో, నాన్నగారి సంగతి బాధగా ఉందండీ. కానీ పేరు రాలేదనే కదా నా గొడవ కూడా. మా ఊరి పేరు.

కొండరాయి:
రెండూ ఒకటి కాదండీ. మీ ఊళ్ళో దొర పేరుతో మ్యూజియం ఉంది, బ్యారేజీ ఉంది. పాఠంలో ఒక వాక్యం తగ్గిందని మీ కోపం. మావాళ్ళకి ఆ వాక్యం ఎప్పుడూ లేదు. రేపు పుస్తకం మార్చి ధవళేశ్వరం అని వేసినా అందులో ఉండేది మళ్ళీ దొరే.

గోదారిగట్టు:
… మొదటి పోస్టులో ‘వేశారు’ని ‘వేయించారు’ అని దిద్దాను.

పట్టాలపిచ్చి:
మంచిది. వేయించింది 1845లోనా, 1847లోనా?