22 లక్షల సినిమా, ముగ్గురు డిస్ట్రిబ్యూటర్లు - ఎవరికివ్వాలి?

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం అండీ, మాది శ్రీకాకుళం. నరసన్నపేట, కళింగపట్నం వైపు రెండేళ్లు తీసిన సినిమా ఫస్ట్ కాపీ వచ్చేసింది, సెన్సార్ అయింది, యూఏ 13+ ఇచ్చారు. అందరూ కొత్తోళ్లే. ఖర్చు 22 లక్షలు, అందులో సగం మా అన్నయ్య కోళ్ల ఫారం తాకట్టు పెట్టి తెచ్చిందే. ఇప్పుడు హైదరాబాద్ ఆయనొకరు మనం 6 లక్షలు కడితే రెండు రాష్ట్రాల్లో 60 థియేటర్లలో వేస్తానంటున్నాడు, వైజాగ్ ఆఫీసు ఒకటి ఉత్తరాంధ్ర వరకే కమీషన్ మీద చేస్తామంటోంది, ఇంకొకాయన 3 లక్షలు చేతిలో పెట్టి ఓటీటీ, శాటిలైట్ (టీవీ హక్కులు), హిందీ డబ్బింగ్ అన్నీ కలిపి రాసిచ్చెయ్యమంటున్నాడు. అన్నయ్య ఆ 3 లక్షలు తీసేసుకుందాం అంటున్నాడు, నాకైతే నిద్ర పట్టట్లేదు. ఏటి చెయ్యమంటారు?

మూడు లాంతర్లు:
తమ్ముడూ, నేను విజయనగరంలో పదకొండేళ్లు డిస్ట్రిబ్యూటర్ల తరఫున రిప్రజెంటేటివ్‌గా చేశాను, షో పడ్డాక బుకింగ్ కౌంటర్ దగ్గర నిలబడి టికెట్ల లెక్క రాసుకుని డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్టు) మీద మేనేజర్ సంతకం పెట్టించుకోడమే నా పని. ఆ 60 థియేటర్ల మాట నమ్మీకు. కొత్తోళ్ల సినిమాకి ఉదయం ఆట ఒక్కటిచ్చి రెండోరోజే ఎత్తేస్తారు, హాలు రెంటూ వీపీఎఫ్ (డిజిటల్ ప్రొజెక్షన్‌కి కట్టే ఫీజు) ఖర్చూ మాత్రం నీ నెత్తినే పడతాయి. పార్వతీపురంలో ఓ చిన్న సినిమాకి శుక్రవారం మ్యాట్నీకి 11 టికెట్లు తెగాయి, ఆదివారం ఫస్ట్ షోకి హీరో ఊరోళ్లు రెండు ట్రాక్టర్ల మీద దిగితే హాలు నిండిపోయింది, కానీ అప్పటికే సోమవారానికి వేరే సినిమా ఒప్పేసుకున్నారు. నాకిప్పటికీ బాధే. అందుకని వైజాగ్ వాళ్లనే అడుగు, ఆరు సెంటర్లు చాలు, వారం మొత్తం ఫస్ట్ షో ఉంచుతారా, డీసీఆర్ ఏ రోజుది ఆ రోజు వాట్సాప్‌లో పంపుతారా, పబ్లిసిటీ ఖర్చు ఎంతకి మించకూడదో కాగితం మీద రాస్తారా అని. జీఎస్టీ, రెంటు పోగా మిగిలేదే షేరు, కమీషన్ దాంట్లోంచి పట్టుకుంటారు. గ్రాస్ మీద, అంటే మొత్తం వసూలు మీద అడిగితే లేచొచ్చెయ్.

తేలినీలాపురం:
3 లక్షలాయన దగ్గర సంతకం పెట్టొద్దు బ్రదర్, దండం పెడతాను. నా సినిమా ఇలాగే ఇచ్చేశాను, అగ్రిమెంట్లో శాశ్వతంగా అని ఒక్క ముక్క ఉంది, నేను చూడలేదు. అది ఈరోజుకీ యూట్యూబ్‌లో ఆడుతూనే ఉంది, కింద మా ఊరోళ్ల కామెంట్లు చదువుకోడమే, రూపాయి రాదు. కాలం అసలు రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం 5 ఏళ్లే లెక్క, కానీ శాశ్వతం అని రాసిచ్చాక ఆ రక్షణ ఉండదు. ఓటీటీ వేరే, శాటిలైట్ వేరే, డబ్బింగ్ వేరే, దేనికదే ఇవ్వు.

బొబ్బిలి వీణ:
కేరాఫ్ కంచరపాలెం కూడా కొత్తోళ్లతోనే తీశారు కదా, 2018లో రానా సమర్పణలో సురేష్ ప్రొడక్షన్స్ ద్వారా వచ్చింది. రిలీజ్‌కి ముందే నలుగురు పెద్దోళ్లకి చూపించండి, పేరున్నోళ్లు సమర్పిస్తే హాలు వాళ్లే ఫోన్లు చేస్తారు.

నాగావళి గట్టు:
చాలా థాంక్స్ అండీ. అన్నయ్యకి ఇదంతా చదివి వినిపించాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత వైజాగ్ బస్సెన్నింటికి అన్నాడు. మూడు లాంతర్లు అన్నా, అగ్రిమెంట్ కాపీ ఇచ్చాక మీకు పంపితే ఓసారి చూస్తారా?

మూడు లాంతర్లు:
పంపు తమ్ముడూ. నేను చూసేదాకా సంతకం పెట్టీకు.