విశాఖ బీచ్‌లకు పెంపుడు కుక్కను తీసుకెళ్లవచ్చా? నిబంధనలేమిటి, వేరే మార్గాలేమిటి?

అడిగినవారు: మువ్వలవానిపాలెం నివాసి

మా ఇంట్లో రెండేళ్ల లాబ్రడార్ ఉంది. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో ఉంటాం కాబట్టి దానికి పరుగెత్తే చోటు లేదు, సముద్రం మాత్రం నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలను ఆపేసే సమయంలో చాలామంది కుక్కలతో కనిపిస్తుంటారు. అయితే ఇసుకలోకి దించవచ్చా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఆర్‌కే బీచ్‌లో అడిగే నాథుడే లేడని ఒకరు, కేసు పెడతారని మరొకరు అంటుంటే, రుషికొండ శుభ్రంగా ఉంటుంది కాబట్టి అక్కడికే తీసుకెళ్లమని మా అపార్ట్‌మెంట్‌లోని పెద్దాయన సలహా ఇచ్చారు. ఎక్కడికి వెళ్లవచ్చో, ఎక్కడికి వెళ్లకూడదో, దానికి నీళ్లలో ఆడే సరదా తీర్చడానికి వేరే దారి ఏముందో తెలిసినవారు చెప్పగలరు. మా వాడు ఎవరినీ కరవడు గాని, నేల మీద ఏది కనిపించినా నోట్లో పెట్టుకుంటాడు.

జవాబు: సాగర్ నగర్ వాసి

ముందుగా ఆ పెద్దాయన సలహాను పక్కన పెట్టండి. విశాఖలో మీరు వెళ్లకూడని తీరమేదైనా ఉందంటే అది రుషికొండే. ఆ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు డెన్మార్క్ కేంద్రంగా ఉన్న సంస్థ ఇచ్చే ఈ గుర్తింపు నిలవాలంటే పాటించవలసిన షరతుల్లో, వికలాంగులకు తోడుండే శిక్షణ పొందిన కుక్కలు తప్ప మిగతా కుక్కలు, పెంపుడు జంతువులు తీరంలోకి రాకుండా గట్టిగా నియంత్రించాలన్నది కూడా ఒకటి. 2025 మొదట్లో ఆ గుర్తింపు కొన్నాళ్లు పోయి మళ్లీ వచ్చిందని మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు వినిపించిన ఫిర్యాదుల్లో తీరంలో కుక్కల సంచారం కూడా ఉంది. వీధి కుక్క అయినా, మెడలో పట్టీ ఉన్న మీ కుక్క అయినా ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి.

ఆర్‌కే బీచ్ సంగతి వేరు. అక్కడ మీకు వర్తించేది ముఖ్యంగా యజమాని బాధ్యతకు సంబంధించిన చట్టం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన ఆధీనంలోని జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గాని, తీవ్రమైన గాయానికి గాని ముప్పు ఏర్పడే అవకాశం ఉన్నా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కరిస్తేనే కేసు అవుతుందని చాలామంది అనుకుంటారు. ఆ సెక్షన్‌లో కరవాలన్న మాట లేదు. కాబట్టి తాడు వదలకండి, రేబిస్ టీకా పత్రాన్ని ఫోన్‌లో ఉంచుకోండి, జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) నమోదు చేయించి ఉండకపోతే ఆ పని ముందు పూర్తి చేయండి.

వీటన్నిటికంటే ముఖ్యమైన విషయం తాబేళ్లది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి వచ్చి ఇసుకలో గొయ్యి తవ్వి, ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఆ గుడ్లు పిల్లలు కావడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. అటవీశాఖవారు దొరికిన గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగిస్తారు గాని, వారి కంటికి ముందే వాసన పట్టేవి కుక్కలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి గూటిని మీ లాబ్రడార్ సరదాగా తవ్వినా, జవాబు చెప్పుకోవలసింది మీరే. ఎండ లేకుండా కుక్కకు హాయిగా ఉండే తెల్లవారుజామే కొత్త గూళ్లు తాజాగా ఉండే సమయం కూడా కావడం మన దురదృష్టం. అందుకే ఈ నాలుగు నెలలూ నిర్జనంగా ఉండే తీరాలను పూర్తిగా వదిలేసి, వాహనాలు లేని వేళ బీచ్ రోడ్డు మీదనే నడిపించడం మంచిదని నా అభిప్రాయం.

జవాబు: పశువైద్య విభాగంలో పనిచేస్తున్నాను

పైన చెప్పినవన్నీ సరైనవే. ఆరోగ్యం సంగతి కలుపుతాను. కుక్క మలంలో ఉండే కొంకి పురుగుల గుడ్లు తేమగా, వెచ్చగా ఉండే ఇసుకలో లార్వాలుగా మారి, చెప్పుల్లేకుండా నడిచేవారి చర్మంలోకి దూరుతాయి. పాదం మీద ఎర్రటి వంకర గీతలా, రోజురోజుకూ ముందుకు పాకే దురదగా అది కనిపిస్తుంది. పిల్లలు ఇసుక గూళ్లు కట్టుకునే చోట మలాన్ని తీయకుండా వదలడం అందుకే తప్పు. ఇసుకతో కప్పేసి వచ్చేవారు పురుగులకు మరింత మేలు చేస్తున్నారు. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించండి.

నేల మీద ఉన్నదల్లా తినే కుక్కకు మన తీరంలో అసలు ప్రమాదం వలల్లోంచి ఏరి పారేసిన చేపలు. పట్టుకుంటే బంతిలా ఉబ్బే చేప విషపూరితం, ఎండిపోయినా దాని విషం పోదు. గాలం ముల్లు గుచ్చుకుంటే వెనక్కి లాగకండి, గాలం దారం కత్తిరించి అలాగే ఆసుపత్రికి తీసుకురండి. గెడ్డలు (వాగులు) సముద్రంలో కలిసే చోట, ముఖ్యంగా వాన పడిన తర్వాత, నీళ్లలోకి దించకండి. ఉప్పునీరు తాగకుండా ఇంటి నుంచి మంచినీళ్లు పట్టుకెళ్లండి. అరచేతి వెనుక భాగాన్ని ఇసుకకు ఆనించి అయిదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలకూ ఆ వేడి ఎక్కువే.

జవాబు: భీమిలి దారిలో ఇల్లు

వర్షాకాలం మొదలయ్యాక మీరు మంగమారిపేట వైపు గాని, అప్పికొండ వైపు గాని రావచ్చు, జనం తక్కువ. అయితే ఇవి ఖాళీ స్థలాలు కావు, గంగపుత్రుల పని చోట్లు. చేపలు ఆరబెట్టిన ఇసుక మీదుగా కుక్క ఒక్కసారి పరుగెత్తితే ఒక కుటుంబం కష్టం మట్టిలో కలుస్తుంది. పడవలు, వలలు ఉన్న భాగాన్ని దాటి వెళ్లండి, అక్కడున్నవారిని ఒక మాట అడగండి. ఊరి కుక్కలు గుంపుగా వచ్చి మీదపడతాయి, అప్పుడు వెనక్కి తిరిగి పరుగెత్తకండి. యారాడ అందంగానే ఉంటుంది గాని, అక్కడి లోపలి ప్రవాహం మనుషులనే లాగేస్తుంది. ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ జలాశయాలు నగరానికి తాగునీరిచ్చేవి కాబట్టి కుక్కను వాటిలోకి దించే ఆలోచన వద్దు. కంబాలకొండ అభయారణ్యం, అదీ వద్దు. నీళ్ల సరదా తీరాలంటే మేడ మీద పెద్ద తొట్టి పెట్టి నింపండి. మా వాడికి అదే సముద్రం.

జవాబు: రోజూ ఉదయం నడిచేవాడిని

నాకు కుక్కలంటే భయం, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను. "ఏమీ చేయదండీ" అని నవ్వుతూ తాడు వదిలేసే యజమానికి, నా గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియదు. బ్రిటన్‌లో చాలా తీరాల్లో మే నుంచి సెప్టెంబరు దాకా కుక్కలను రానివ్వరు, మిగతా నెలల్లో రానిస్తారు. కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో వాటి కోసమే ఒక భాగాన్ని విడిగా కేటాయించారు. ఇక్కడా కుక్కలు పెంచేవారంతా కలిసి, తాబేళ్లు గుడ్లు పెట్టని నెలల్లో ఒక భాగాన్ని, ఒక వేళను కేటాయించమని జీవీఎంసీకి అర్జీ పెట్టుకుంటే నాలాంటివారూ సంతకం చేస్తారు.

అడిగినవారు: మువ్వలవానిపాలెం నివాసి

అందరికీ ధన్యవాదాలు. ఏప్రిల్ దాటే వరకు రోడ్డు మీదనే నడిపిస్తాను. అర్జీ రాయడానికి నేను సిద్ధం, ముసాయిదా ఇక్కడే పెడతాను. వైద్యులు గారికి ఒక ప్రశ్న: చేపలు తినకుండా మూతికి బుట్ట కట్టమంటారా? తోలు పట్టీ మంచిదా, తీగ బుట్ట మంచిదా?

జవాబు: పశువైద్య విభాగంలో పనిచేస్తున్నాను

తీగ బుట్ట తీసుకోండి. కుక్క నోరు తెరిచి ఒగర్చడం ద్వారానే ఒంటి వేడి తగ్గించుకుంటుంది కాబట్టి, నోటిని బిగించే పట్టీ మన ఉక్కపోతలో ప్రమాదకరం. బుట్ట కట్టిన తర్వాత అది నోరు పూర్తిగా తెరవగలగాలి, నీళ్లు తాగగలగాలి. ముందు ఇంట్లో రోజుకు అయిదారు నిమిషాలు అలవాటు చేసి, ఆ తర్వాతే బయటికి తీసుకెళ్లండి.