రెండో క్లాసు పిల్లాణ్ణి హోర్ట్‌లో (బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే చోటు) ఐదింటి దాకా ఉంచడం తప్పా? (మ్యూనిక్)

గోదావరి_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. నెల రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. బాబు 2025 సెప్టెంబర్‌లో ఒకటో క్లాసులో చేరాడు. కిటాలో (బడికి ముందు వెళ్ళే ప్లేస్కూల్) ఉన్నన్నాళ్ళూ ఐదింటి దాకా వాళ్ళే చూసుకునేవాళ్ళు, స్కూల్లో వేశాక కొన్ని రోజులు పదకొండు ఇరవైకే బెల్లు కొట్టేస్తున్నారు! హోర్ట్‌లో సీటు రాలేదు, మిట్టాగ్స్‌బెట్రోయుంగ్‌లో, అంటే మధ్యాహ్నం వరకే పిల్లల్ని చూసుకునే చోట, రెండింటి దాకా దొరికింది, ఇక నేనూ ఆయనా మీటింగులు అటూ ఇటూ జరుపుకుంటూ, పైఫ్లోర్ వాళ్ళని బతిమాలుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చాం. ఇప్పుడు సెప్టెంబర్ నుంచి హోర్ట్‌లో ఐదింటి దాకా సీటు ఇస్తామని మెయిల్ వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనా, రాజమండ్రి నుంచి అత్తయ్యగారూ మాత్రం ఏడేళ్ళ పిల్లాణ్ణి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ దగ్గర వదిలేస్తావా, నువ్వు పార్ట్ టైమ్‌కి మారు అంటున్నారు. శుక్రవారం లోపు జవాబివ్వాలి.

ఇసార్_ఒడ్డున:
కోపం తెచ్చుకోకండి, నేను అత్తయ్యగారి వైపే. మా పాప రెండేళ్ళు హోర్ట్‌కి వెళ్ళింది. హోంవర్క్ అక్కడే చేయిస్తారు, నిజమే, కానీ తప్పులుంటే దిద్దరు, అది స్కూల్ టీచర్ చూసుకోవాలి అనేవాళ్ళు. మనది బవేరియా, నాలుగో క్లాసులో జర్మన్, లెక్కలు, హెచ్‌ఎస్‌యూ (పరిసరాలు, సైన్సు కలిపిన సబ్జెక్టు) మూడూ కలిపి యావరేజ్ 2.33 కానీ అంతకంటే మంచిది కానీ (ఇక్కడ 1 అంటే బెస్ట్ మార్కు) ఉంటేనే నేరుగా గిమ్నాజియం, అంటే యూనివర్సిటీకి దారి తీసే హైస్కూల్. సాయంత్రం నిద్రమొహంతో ఇంటికొచ్చిన పిల్లని మళ్ళీ పుస్తకాల ముందు కూర్చోబెట్టడానికి నాకు చేతులు రాలేదు. మూడో క్లాసులో మాన్పించి నేను 60 శాతానికి మారా. జీతం బాగానే తగ్గింది, అయినా బాధ లేదు, రోజూ మధ్యాహ్నం అది చెప్పే కబుర్లు నాకు దక్కాయి.

వరంగల్_బిడ్డ:
2.33 రాకపోతే ప్రోబెఉంటర్‌రిష్ట్, అంటె పరీక్ష పెట్టే ట్రయల్ క్లాసులు, ఉంటది గదా అక్కా, రియల్‌షూలె (గిమ్నాజియం కింది రకం హైస్కూల్) సదివి ఎఫ్‌ఓఎస్‌ (దాని తర్వాత సదివే పై స్కూల్) మీదికెళ్ళి పై సదువులకు పోయినోళ్ళు గూడ ఉన్నరు. దానికోసం ఏడేండ్ల పోరన్ని ఇప్పటిసంది భయపెట్టుడు ఎందుకు. ఇంట్ల మనం మాట్లాడేది తెలుగే. మావోడు ఒకటో క్లాసుల సగం వాక్యం చెప్పి ఆగిపోతుండె, హోర్ట్‌ల ఫుట్‌బాల్ ఆడుకుంట, దోస్తులతోని లొల్లి పెట్టుకుంట నేర్సుకున్నదే వానికి జర్మన్. నేను ఇంట్ల కూసోబెట్టి నేర్పుదామంటె నా జర్మనే బీ1 (నడిమి స్థాయి) కాడ ఆగింది. వాళ్ళు పరాయోళ్ళు కాదు, మావోడు ఇప్పటికీ ఆ మేడం పేరు తీస్తడు.

బెర్లిన్_నాన్న:
పార్ట్ టైమ్ అనగానే అమ్మే మారాలని ఎందుకు అనుకుంటున్నాం? ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మేమిద్దరం చెరో 80 శాతం చేస్తున్నాం, నాకు మంగళవారం సెలవు, తనకి గురువారం. ఇక్కడ బెర్లిన్‌లో ఒకటి, రెండు క్లాసులకి హోర్ట్ ఫీజు లేదు, స్కూల్లో భోజనం కూడా ఉచితమే, మీకు బవేరియాలో ఆ సుఖం లేదు. పైగా కొత్త చట్టం చూడండి. 2026 ఆగస్టు 1 నుంచి పిల్లల్ని రోజుకి 8 గంటలు చూసుకునే సీటు అడిగే హక్కు, స్కూల్ టైమ్‌తో కలిపే, కానీ ముందు ఒకటో క్లాసుకే, తర్వాత ఏడాదికో క్లాసు కలుపుకుంటూ 2029కి నాలుగో క్లాసు దాకా వస్తుంది. మీ వాడు 2025లో చేరాడు కాబట్టి నాలుగో క్లాసు అయ్యేదాకా ఆ చట్టానికి ఒక క్లాసు ముందే ఉంటాడు. ఇప్పుడు సీటు వద్దంటే రేపు హక్కు అని అడగడానికి లేదు. దయచేసి వదులుకోకండి.

ఇసార్_ఒడ్డున:
ఆ చట్టం లెక్క నేను ఆలోచించలేదు, అది నిజం. అయితే సీటు తీసుకోండి, బూఖుంగ్ గంటలు (ముందే బుక్ చేసుకునేవి) మాత్రం తక్కువ పెట్టండి. ఐదింటి దాకా ఉందని రోజూ ఐదింటి దాకా ఉంచక్కర్లేదు కదా. పిల్లాడు రోజూ చివర్న మిగిలిపోతే మాత్రం నేను ఒప్పుకోను, ఆ మొహం చూశాను నేను.

బెర్లిన్_నాన్న:
అది ఒప్పుకుంటా. ఇంకోటి, ఎవరు తగ్గించుకున్నా మామూలు పార్ట్ టైమ్ కాగితం మీద సంతకం పెట్టొద్దు, మళ్ళీ ఫుల్ టైమ్‌కి రావడం మీ చేతుల్లో ఉండదు. 2019 నుంచి బ్రుక్కెన్‌టైల్‌త్సైట్ ఉంది, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా తగ్గించుకుని తర్వాత పాత గంటలకి వచ్చేయొచ్చు. కంపెనీలో 45 మంది కంటే ఎక్కువ ఉండాలి, మీరు చేరి ఆరు నెలలు దాటాలి, మూడు నెలల ముందు రాసివ్వాలి.

గోదావరి_అమ్మాయి:
అందరికీ థాంక్స్ అండి, రాత్రి ఇదంతా ఆయనకి చదివి వినిపించా. చట్టం సంగతి దగ్గర ఆగిపోయారు. అత్తయ్యగారు వచ్చి చూసుకుంటానన్నారు కానీ విజిట్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే, ఆ తర్వాత మళ్ళీ మొదటికే. సీటుకి ఓకే అని మెయిల్ పెట్టేశా, సోమ, బుధ, శుక్రవారాలు నాలుగున్నర, మిగతా రెండు రోజులు రెండున్నరకే తెచ్చుకుంటాం. మంగళవారం నేను, గురువారం ఆయన. సెప్టెంబర్ 1 నుంచి కావాలంటే మే నెలాఖరులోపు ఇవ్వాలి కదా, ఆయన ఆఫీసులో 200 మంది పైనే ఉన్నారు, ఈ ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ లెటర్లు రాస్తాం. జర్మన్‌లో రాసిన నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి ప్లీజ్.