అసలు జబ్బు ఏది: కంపెనీల చందాలా, ఓటెయ్యని మనమా?

మూసీ ఒడ్డు:
2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ 48.48 శాతం. అదే రోజు భువనగిరిలో 76 దాటింది, ఆంధ్రప్రదేశ్‌లో 80 దాటింది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ రాజకీయ యుద్ధమే. నలభై ఫ్లాట్లున్నాయి, వేలి మీద సిరాతో ఫొటో పెట్టింది మాత్రం పదకొండు మంది. పార్టీలను కంపెనీలు కొనేస్తున్నాయని ఏడుస్తాం. సగం మంది ఇంట్లో కూర్చుంటే కొనేవాడికి సరుకు చవకే కదా. నా లెక్కలో మొదటి ముద్దాయి మనమే. కాదనేవాళ్ళు చెప్పండి.

పాత ఆడిటర్:
కాదంటాను. 2017 దాకా ఒక కంపెనీ తన మూడేళ్ళ సగటు నికర లాభంలో 7.5 శాతం మించి పార్టీలకు చందా ఇవ్వకూడదు. ఏ పార్టీకి ఎంతిచ్చిందో లాభనష్టాల ఖాతాలో చూపాలి. ఆ ఏడాది బడ్జెట్టుతో ఈ రెండూ ఎత్తేశారు. 2018 జనవరిలో ఎన్నికల బాండ్లు వచ్చాయి. స్టేట్ బ్యాంకులో కోటి రూపాయల కాగితం కొని ఇస్తే, పార్టీ దాన్ని పదిహేను రోజుల్లో డబ్బుగా మార్చుకునేది. బ్యాంకుకి అన్నీ తెలుసు, జనానికి ఏదీ తెలియదు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వగలిగేది! నష్టం చూపేవాడు చందా ఇస్తుంటే ఆ డబ్బు ఎవరిదని అడగడం మా వృత్తిలో మొదటి పాఠం.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఈ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. తెలుసుకునే హక్కు ఓటరుకి ఉందని చెప్పింది. మార్చిలో పేర్లు బయటికొచ్చాయి. అందరికన్నా ఎక్కువ కొన్నది లాటరీ కంపెనీ ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్ కాంట్రాక్టు కంపెనీ మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. 2019 ఏప్రిల్ నుంచి చూస్తే బీజేపీకి 6,000 కోట్ల పైన, బీఆర్ఎస్‌కి 1,200 కోట్ల పైన అందాయి. ఇన్నేళ్ళు కళ్ళకు గంతలు కట్టి, చూడలేదేమని ఓటరుని తిడితే ఎలా సార్?

మూసీ ఒడ్డు:
సరే, గంతలు మార్చిలో విప్పారు. పోలింగ్ మేలో. ఆ రెండు నెలల్లో "మీ పార్టీకి ఆ కాంట్రాక్టరు అంత ఎందుకిచ్చాడు" అని అభ్యర్థిని అడిగినవాళ్ళు ఇక్కడ ఒక్కరున్నారా? నేనూ అడగలేదు, ఒప్పుకుంటున్నా. అసలు మా దగ్గరికి ఎవరూ రారు. కరపత్రాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి పోతారు.

చండూరు పిల్ల:
ఓటెయ్యడమే మందు అనేవాళ్ళు ఒకసారి మా మునుగోడు రండి. 2022 నవంబరు ఉపఎన్నికలో 93 శాతం పోలింగ్. నెల ముందు నుంచే నాయకులంతా ఊళ్ళలో మకాం, రోజూ బిర్యానీ, అసలు మందు కూడా. మా పెద్దమ్మకి ఓటు కోసం డబ్బు పెట్టిన కవర్ వచ్చింది, పక్కింటికి రాలేదు. ఆ రెండిళ్ళకీ ఇప్పటికీ మాటల్లేవు. అంతకు ముందు ఏడాది హుజూరాబాద్‌లో కవర్ అందలేదని జనం రోడ్డెక్కడం టీవీలో చూశాం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదట. పార్టీ పెట్టే ఖర్చుకి మాత్రం పరిమితే లేదు. కవర్లో పెట్టింది ఎవరి పొలం అమ్మితే వచ్చిన డబ్బు? పైనుంచి వచ్చిన చందాయే చివరికి మా వాకిట్లోకి పారిందని నా అనుమానం.

ఇంకోటి అన్నా, మీ అపార్ట్‌మెంట్‌కి ఎందుకు రారంటే, పదకొండు ఓట్ల కోసం ఎవరూ లిఫ్ట్ ఎక్కరు.

కూకట్‌పల్లి బ్యాచిలర్:
ఓటెయ్యని ఆ 52 శాతమూ బద్ధకస్తులే అని ఎవరన్నారు? మా రూమ్‌లో నలుగురం. ముగ్గురికి ఇక్కడా ఓటుంది, ఊళ్ళోనూ ఉంది. మొన్న బస్సులో నిలబడి తాడేపల్లిగూడెం వెళ్ళి వేసొచ్చాం. ఇక్కడ మా మల్కాజిగిరి సీటు లెక్కలో మాత్రం మేం ఓటెయ్యని సోమరులం. ఇల్లు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు కూడా జాబితాలో అలాగే ఉంటారు. భాగహారంలో కింది అంకె ఉబ్బితే శాతం పడిపోదా?

మూసీ ఒడ్డు:
ఈ పాయింటు నాకు తట్టలేదు తమ్ముడూ. కానీ 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికప్పుడు ఊళ్ళకు పోవాల్సిన పని లేదుగా. అప్పుడూ 46.55 శాతమే. కరోనా భయం కొంత ఉందనుకో.

పాత ఆడిటర్:
బాండ్లు పోయాయని నిద్రపోకండి. ఎలక్టోరల్ ట్రస్టులు 2013 నుంచీ ఉన్నాయి. పది కంపెనీలు ఒక ట్రస్టులో డబ్బు వేస్తాయి, అది పార్టీలకు పంచుతుంది. ఎవరు వేశారో చెబుతారు, ఎవరికి చేరిందో చెబుతారు, ఎవరిది ఎవరికి పోయిందో మాత్రం పట్టుకోవడం కష్టం. బాండ్ల కన్నా నయమే, అంతవరకే. చిల్లర చందాల సంగతి ఇక సరేసరి, 20,000 లోపు ఇచ్చినవాళ్ళ పేర్లు పార్టీ చెప్పక్కర్లేదు.

కూకట్‌పల్లి బ్యాచిలర్:
ఆడిటర్ గారూ, రెండు చోట్ల ఓటుండటం తప్పంట కదా, ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. ఒకటి తీయించుకోవాలంటే ఏ ఫారం?

పాత ఆడిటర్:
ఫారం 7. ఏది తీయిస్తావు?

కూకట్‌పల్లి బ్యాచిలర్:
ఇక్కడిదే. మా ఏరియా కార్పొరేటర్ ఎవరో కూడా నాకు తెలీదు.